ఇనుము కూలదన్న మాట

ఆ ఆదివారం కాఫీ గ్లాసులైనా కింద పెట్టకుండానే తండ్రీ కొడుకులు మొదలుపెట్టేశారు. కూర్మన్నపాలెంలో అందరూ పొద్దున్నే కుళాయి నీళ్ళ గురించి పోట్లాడుకుంటారు. ఆరోగ్యమ్మ ఇంట్లో మాత్రం ఐదేళ్ళ కింద అమెరికాలో విమానాలు గుద్ది కూలిన రెండు పెద్ద మేడల గురించి.

"మంటకి పడ్డాయంటే నాను నమ్మను. లోపల బాంబులెట్టి పడగొట్టినారు," అన్నాడు జ్ఞానదాసు, టీవీలో ఆ మేడలు కూలే సీడీని మళ్ళీ వెనక్కి తిప్పుతూ. ఆయన స్టీలు ప్లాంటులో వెల్డరుగా చేసి రిటైరైన మనిషి.

"ఇనుము కరగక్కర్లేదు నాన్నా. బాగా వేడెక్కితే సగం బలం పోద్ది. పైనున్న బరువంతా మీద పడితే ఇంకేటి ఆగుద్ది?" అన్నాడు ఇంజినీరింగు చదువుతున్న టిమోతి.

"ఇనప కట్టడం కూలదురా!"

చర్చికి తెల్లచీర మడత విప్పుతున్న ఆరోగ్యమ్మకు భర్త మొండితనానికి విసుగొచ్చింది. ఈ రోజు ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే రోజు. ఏడేళ్ళుగా ఈయన వెనక బెంచీలో కూర్చుంటాడే గానీ బల్ల దగ్గరికి రాడు. గోపాలపట్నంలో గోడౌను షెడ్డు కాలి, పెద్దకొడుకు సన్నీ మీద కూలి, వాడు పోయినప్పటినుంచీ అంతే. దేవుడి మీద కోపమేమో అనుకుని ఆమె ఎప్పుడూ అడగలేదు.

టిమోతి గొంతు పెరిగింది. "గ్యాసు టార్చితో కాల్చి ఇంత లావు ఇనప యాంగిల్ని వంచేసేవోడివి, నీకు తెలీదా? మరి అన్న మీద పడ్డ షెడ్డులో బాంబెవడెట్టినాడు?"

జ్ఞానదాసు రిమోటు కింద పెట్టేశాడు.

"తెలుసురా. ఆదివారం ప్రైవేటు పనికని ఆడిని తీసికెళ్ళింది నానే. మంట లేసినప్పుడు, 'ఇనప షెడ్డురా, కూలదు, ఎల్లి గ్యాసు సిలిండర్లు బయటికి లాగెయ్' అన్నదీ నానే." "ఆ మేడలు మంటకి కూలలేదంటే... నా మాట తప్పు కాదు గదా."

ఆరోగ్యమ్మ చేతిలోంచి చీర జారిపోయింది.

"ఏడేళ్ళు! ఆ గోడౌను ఓనర్ని తిట్టుకుంటూ నాను ఏడుత్తంటే, పక్కన పడుకుని ఇన్నావు. ఒక్క మాట సెప్పలేపోయావా?" అంటూ ఆయన గుండెల మీద రెండు చేతులతో బాదింది. ఆయన అడ్డుకోలేదు. చివరికి ఆ గుండె మీదే తల పెట్టి భోరున ఏడ్చింది.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంది. "లే. సొక్కా మార్సుకో. ఇయ్యాల బల్ల."

"నాకు అర్హత లేదు ఆరోగ్యం."

"నానింకా నిన్ను క్షమించలేదు. ఐనా పక్కనే ఉంటాను. రా."

జ్ఞానదాసు ఒక గుండీని ఇంకోదాని కాజాలో పెట్టుకున్నాడు. టిమోతి వచ్చి, తల దించుకుని, ఒక్కొక్కటే విప్పి తానే సరిగ్గా పెట్టాడు. "నేనలా అడక్కుండా ఉండాల్సింది నాన్నా," అన్నాడు.

చర్చిలో అలవాటు కొద్దీ ఆయన వెనక బెంచీ దగ్గర ఆగబోయాడు. ఆరోగ్యమ్మ ఆయన చెయ్యి వదలకుండా బల్ల వైపు నడిచింది.