నాలుగో నంబర్ కంప్యూటర్

ఆ ఉదయం లింగం చేతిలో ఉన్నవి ఇవే: ఒక స్క్రూడ్రైవర్ల సెట్టు, పెన్నులో దాచిన కెమెరా, కంప్యూటర్ మెకానిక్ అని రాసిన దొంగ ఐడీ కార్డు, మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు ముగిసే సైరన్ దాకా టైము. చేజారింది ఒక్కటే. అంజయ్య. పటాన్‌చెరులోని ఆ కెమికల్ ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేరిన సాటి ఏజెంట్. వారం కింద మురుగునీళ్ల ట్యాంకులో శవమై తేలాడు.

లక్డారం దారిలో జీపు ఆపి, చీఫ్ వెంకటేశం బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"రాకెట్ ఫ్యూయల్ ఫార్ములా ఇయ్యాల గేటు దాటుతది. విదేశీ ముఠా కారు బయట తయారున్నది. ఎవరు మోస్తున్నరో తెల్వదు."

"అంజయ్యనే అమ్ముకున్నడని పైనోళ్లు అంటున్నరట గద సార్?"

"ఫార్ములా పోతే అదే ఖాయం జేస్తరు. వాని పెండ్లాం శివమ్మ ఊళ్లె తలెత్తుకోలేదు. లోపల మన మనిషి ఇంకొకామె ఉన్నది, కోడ్ అడుగు. అంజయ్య కంప్యూటర్ రోజూ డిస్క్ చెక్ అడుగుతున్నదట. నువ్వు పోయేది ఆ రిపేరు మీదనే."

ఫ్యాక్టరీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఊడుస్తున్న ఆగమ్మ చీపురు ఆపి చూసింది.

"ఆ మిషను జోలికి పోకు బిడ్డా. అంజయ్య సచ్చినకాడికెల్లి పొద్దుగాల్నే నీలం తెర పడుతున్నది. దయ్యం సొచ్చింది."

అంజయ్యది నాలుగో నంబర్ కంప్యూటర్. దాని మానిటర్ మీద ఎవరో కాగితం అంటించారు: ఏదో ఒక కీ నొక్కి దాటేయండి. వారంగా అందరూ చేస్తున్నది అదే. షిఫ్టులో గంటలు పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. లింగానికి సంగతి తెలిసిపోయింది: నడుస్తున్న మిషను కరెంటు తీగ ఎవరో పీకారు, ఆ తర్వాత చెక్ ఒక్కసారీ పూర్తి కాలేదు, అందుకే రోజూ అడుగుతోంది. లింగం కీ నొక్కలేదు. చెక్ నడవనిచ్చాడు.

అప్పుడు వచ్చింది ఇందుమతి. ట్రైనింగ్ మేడం. షిఫాన్ చీర, జుట్టు మీదికి తోసిన కూలింగ్ గ్లాసులు, చేతిలో టిఫిన్ క్యారియర్.

"ఇంద్రేశంల ప్లాటు దొరుకుతదా మేడం?"

"కార్నర్ బిట్ అయిపోయింది."

కోడ్ సరిపోయింది.

"దాన్ని ఆపేయండి లింగం గారూ. మనకి టైము లేదు."

"సగంల ఇడిసిపెడితే రేపు మల్ల అడుగుతది. పూర్తిగ కానియ్యాలె."

ఆమె వేలు కంప్యూటర్ పవర్ బటన్ దాకా పోయింది. లింగం తన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె నవ్వేసి, పక్క కంప్యూటర్ ముందు కూర్చుంది.

తొంభై శాతం దగ్గర సైరన్ మోగింది. ఇందుమతి క్యారియర్ తీసుకుని వెళ్లిపోయింది. చెక్ ముగిసి, డిస్క్‌లో చెల్లాచెదురైన ముక్కలన్నీ ఒక కొత్త ఫోల్డర్‌లో చేరాయి. లింగం ఒక్కొక్కటే తెరిచాడు. మూడో ముక్క అంజయ్య రిపోర్టు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు:

"ఇందుమతి మనది కాదు. ఫార్ములా పెన్ డ్రైవ్‌ల ఎక్కిస్తది. టిఫిన్ కింది గిన్నె. ఎంగిలని గార్డు ముట్ట"

అక్కడ తీగ పీకారు.

లింగం పరుగెత్తాడు. గేటు బయట కారు తలుపు తెరిచి ఉంది. ఆమె ఒక కాలు లోపల పెట్టింది.

"నర్సింహా, ఆ డబ్బ గుంజుకో!"

"ఆడమనిషి ఎంగిలి డబ్బ నేనెట్ల ముడుతనన్నా? మేం సంచులే సూస్తం!" అన్నాడు గార్డు నర్సింహ.

లింగమే గుంజుకున్నాడు. తిని మిగిల్చిన పెరుగన్నంలోకి చెయ్యి దూర్చాడు. పాలిథిన్‌లో చుట్టిన పెన్ డ్రైవ్ తగిలింది. కారు కదలబోయేసరికి వెంకటేశం జీపు అడ్డం పడింది.

"అంజయ్య నీకేం జేసిండు?" అని అడిగాడు లింగం.

ఇందుమతి కూలింగ్ గ్లాసులు కళ్ల మీదికి దించుకుంది.

"నా మీద రిపోర్టు కొడుతుంటే చూసి తీగ పీకాను. అంతకు ముందురోజు దాకా నేనూ మీ మనిషినే అనుకున్నాడు పాపం."

సాయంత్రానికి లెక్క తేలింది. ఫార్ములా దక్కింది. ముఠా దొరికింది. అంజయ్య మీద మచ్చ పోయింది. అంజయ్య పోయినోడు పోయినట్టే.

"శివమ్మకు చెప్పొచ్చా సార్?"

"నీ పెనిమిటి దొంగ గాదని చెప్పు. ఎట్ల తెల్సిందో చెప్పకు."

"మరి ఫ్యాక్టరీ రిజిస్టర్ల ఏం రాయాలె?"

వెంకటేశం పెన్ను అందించాడు.

"నాలుగో నంబర్ కంప్యూటర్ బాగైందని రాయి. మన పనిల బయటికి కనవడే లాభం గంతే."