ఎడమచేతి ముడి

“మూడు కుట్లు, అంతే. కరిగిపోయే దారం. తొలిరాత్రి రక్తం ఖాయం, పూచీ నాది.”

పలాసలో డాక్టరమ్మ ఇచ్చిన మాట అది. కాంతమ్మ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? పెద్దకూతురు ప్రమోదినిని పెళ్లైన మర్నాడే అత్తవారు మరక పడని తెల్ల దుప్పటితో సహా భావనపాడుకు తిప్పి పంపేశారు. తొలిసారి రక్తం రాని ఆడవాళ్లు ఎందరో ఉంటారని చెప్పేవాళ్లు లేకపోయారు. ఆ సాయంత్రమే పిల్ల సముద్రంలోకి నడిచి వెళ్లిపోయింది. ఇప్పుడు చిన్నది మంగ పెళ్లి, మే పన్నెండున.

“ఆడదాని దేహం ఎవడి జాగీరూ కాదు!” అన్నాడు మంగ తమ్ముడు సునీల్. టెక్కలి కాలేజీ గోడ మీద తను రాసిన మాటే.

“గోడలకి పెళ్లిళ్లవ్వవురా గుంటడా. పలాసకి ఆటో పిలు,” అంది కాంతమ్మ.

అది నెల కిందటి మాట; ఆ రోజే మంగకి కుట్లు పడ్డాయి. నిన్న పెళ్లికొడుకు మేనత్త వచ్చి, “మర్నాడు దుప్పటి మాకు సూపించాల,” అని చెప్పి వెళ్లింది. సునీల్ గుమ్మంలోనే ఉన్నాడు. నోరు పెగల్లేదు.

చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఊరంతా నీడపట్టున కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకుంటోంది. మధ్యాహ్నం గాలి స్తంభించింది. ఎండుచేపల వాసన ఇంట్లోకి వచ్చి కదలకుండా కూర్చుంది. మూసిన గదిలోంచి మంగ మూలుగు...

తలుపు తెరుచుకుంది. కాంతమ్మ చేతిలో గిన్నె. అందులో కత్తిరించిన దారపు ముక్కలు.

“పొద్దున్న నొప్పని వెళ్తే డాక్టరమ్మే కుట్లు తీసేసింది కదే?” అన్నాడు సునీల్.

“తన కుట్లు ఎప్పుడో కరిగిపోయాయంది. ఇవి నావి కావంది. మళ్లీ వచ్చాయిరా...” కాంతమ్మ గొంతు గుసగుసలోకి దిగింది. “ముడి సూడు.”

నీలం నైలాన్ దారం. వలలకు వాడేది. తడిగా ఉంది. ఉప్పునీటి వాసన.

వల అల్లే ప్రతి చేతికీ ముడి తీరు వేరు. ఈ ముడి ఎడమ నుంచి తిరిగింది. ఆ ఇంట్లో ఎడమచేత్తో వల అల్లింది ఒక్కతే.

“పెద్దక్కా?”

“నాకేటి తెలుసు...”

లోపలి నుంచి మంగ. “తమ్ముడా... ఈ పెళ్లొద్దని ఆళ్లకి సెప్పరా... నువ్వైనా సెప్పు...”

సునీల్ ఒడ్డుకి పరుగెత్తాడు. పెళ్లికొడుకు వాళ్ల పడవ దగ్గర మేనత్త, పదిమంది జనం. ఈసారి అరుస్తాడు. అందరూ వినేలా అరుస్తాడు.

నిన్న గుమ్మంలో మూసుకున్న పెదవులు ఇప్పుడు విడలేదు.

వేలితో తడిమాడు. నోటి మూల... తడి. చిన్న ముడి. ఎడమ నుంచి తిరిగి...

డాక్టరమ్మకి మెసేజ్ కొట్టాడు.

“మీ పూచీ ఏమైంది? ఈ కుట్లు విప్పేదెవరు? మే పదకొండులోగా జవాబు చెప్పండి.”