పూడ్చిన గోడ

పొద్దున్నే చాయ్ ఫ్లాస్కు తెచ్చి పాత ఇంటి అరుగు మీద పెట్టడం, లోపల అడుగు పెట్టకుండా వెళ్లిపోవడం కమలమ్మకు అలవాటయింది. జనగామ బజారులోని ఆ డంగుసున్నం ఇంటికే ఆమె కాపురానికి వచ్చింది. ఏళ్లుగా తాళం పడి పాడుబడిన ఆ ఇంటిని కొడుకు రవితేజ బాగుచేయించి ఆడపిల్లల హాస్టల్ పెడుతున్నాడు. ఊరికే పడివున్న ఇల్లు బట్టల వ్యాపారి లెక్కలో నష్టమే.

"లోపలికి రావే అమ్మా. దయ్యాలకు అద్దెకిచ్చినవా ఏంది?" రవి నవ్వాడు.

"చాయ్ సల్లారుతది, తాగుర్రి" అని ఆమె వెనుదిరిగింది.

రవి మేస్త్రీని పిలిచాడు. "సక్రన్నా, వెనుక అర్రల పెచ్చులు తీస్తే గోడ నడుమ వేరే ఇటుకలతోటి పూడ్చి ఉన్నది. గా ఇటుకలు పగలగొట్టి తలుపు పెడదాం. పిల్లలు సీదా కాలేజీ రోడ్డెక్కుతరు."

సక్రు గడ్డపార దెబ్బ చప్పుడుకు కమలమ్మ చెప్పులతోనే లోపలికి ఉరికి వచ్చింది. గోడకు వీపు ఆనించి నిలబడింది.

"దీన్ని ముట్టకుర్రి."

"ఏందమ్మా గిది? ఇన్నేండ్లు తాళం తీయనియ్యలే. ఇప్పుడు పనికి అడ్డం పడుతున్నవ్. గీ గోడల ఏం దాచినవ్?"

"మీ అక్కను గిందులకెల్లే తీస్కపోయిర్రు."

అక్క వినీత అంటే రవికి ఫొటోలోని రెండు జడలే. జ్వరంతో పోయిందని మాత్రం తెలుసు.

"ధనిష్ఠ నక్షత్రంల పోయింది. దర్వాజల నుంచి తీస్కపోతే ఇంకొకరికి కీడన్నరు. నీకప్పుడు రెండేండ్లు. నువ్వన్న దక్కాలని మీ బాపు తన చేతులతోటే గోడ పగలగొట్టిండు. గంత పిల్లను గా చిన్న బొక్కలకెల్లి ఒంచి తీసిర్రు, రవీ. ఆరు నెలలు ఇల్లు ఇడిసిపెట్టాలన్నరు. నేను మళ్ల లోపల అడుగు పెట్టలే."

రవి సక్రు చేతిలోని గడ్డపారను కిందికి దించాడు. తన ప్రాణం కోసం ఆ రోజు త్రాసులో అటువైపు ఏం పెట్టారో అతనికి ఇప్పుడే తెలిసింది.

"వద్దు సక్రన్నా. గిట్లనే ఉండనియ్యి. తలుపు ఇంకో దిక్కు పెడదాం."

కమలమ్మ తిరిగి ఆ ఇటుకలను అరచేత్తో తడిమింది.

"హాస్టల్ పిల్లలు ఎంత ఎత్తుంటర్రా?"

"నీయంత. కొందరు నీకన్న ఎత్తు."

"అయితే తీయుర్రి. దర్వాజ పెద్దగ పెట్టు. ఒక్క పిల్ల గూడ ఒంగి పోవద్దు. గడపకు పసుపు నేనే..."

రవి తల్లిని పట్టుకున్నాడు. సక్రు మొదటి ఇటుక ఊడదీశాడు.