దాలమ్మ మణికట్టు

“పలక. పలక. పలక. స్తంభం,” అంది గౌరీశ్వరి, రూపదర్శిని గాజు మీంచి కళ్ళెత్తకుండా. తెర అవతలినుంచి అప్పలనరసయ్య గారు “వదులు” అన్నారు. మంచానికి బిగించిన కడియం తెరుచుకుంది. అందులో చెయ్యి పెట్టి పడుకున్న ముసలాయన లేచి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక గోడకి పెట్టి బయటికి నడిచాడు.

పొందూరు రూపశాలలో పొద్దున్నించీ ఇదే తంతు. చూపరి చూడాలి, తీర్పరి తేల్చాలి. చూసేవాళ్ళు తేల్చకూడదు, తేల్చేవాళ్ళు చూడకూడదు. అందుకే మధ్యన ఆ తెర. చూపరి నోట కూడా నాలుగు రూపాల పేర్లే రావాలి: గుండ్రం, పలక, స్తంభం, సాగుడు. మొదటి మూడూ మంచివే. నాలుగోది వినబడిందంటే మాత్రం ఆ మనిషి ఒంట్లో ఏదో కణం తనకిచ్చిన రూపం వదిలేసి, పక్కదాని పట్టు విడిపించుకుని పాకడం మొదలెట్టిందన్నమాట. వెనకటి రోజుల్లో రాచపుండు మొదలయ్యేది అలాగేనట. ఇప్పుడు ఆ బెడద లేదు. కణం సాగితే కడియం బిగుస్తుంది, వయసులో ఉండగా తీసి దాచిన మూలరూపంలోకి దాన్ని నొక్కేస్తుంది. అక్కడితో సరి.

మంచం మీది మనిషిని పలకరించే పని ఎవరికీ లేదు. పలకరిస్తే జాలి పుడుతుందని, జాలి పుడితే చూపు చెడుతుందని నియమాలు రాసిన మహానుభావుల బెంగ. రాసినవాళ్ళెవరూ ఆ మంచం మీద పడుకున్నట్టు లేదు.

అప్పలనరసయ్య గారి భార్య రాచపుండుతోనే పోయింది, ఈ జిల్లాకి కడియాలు రాకముందు. అందుకని ‘సాగుడు’ అన్న మాట చెవిన పడితే చాలు, ఆయన నోట ‘బిగించు’ వచ్చేస్తుంది. గౌరీశ్వరికి ఆయనంటే గౌరవం, కాస్త భయం కూడా. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కేరేజీలు విప్పుకుంటారు, ఆయన వండుకొచ్చే వంకాయ కారంలో ఆవిడకీ వాటా ఉంటుంది. పనిలో కూర్చుంటే మాత్రం తెర తెరే.

తరవాత దాలమ్మ వచ్చింది. వచ్చింది అనడం కంటే తెచ్చారనాలి. బిగింపులు ఎగ్గొట్టి చెల్లెలింట్లో దాక్కుంటే కాపలావాళ్ళు వెతికి పట్టుకొచ్చారు. ఆవిడ నూలు వడికే మనిషి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, కంటికి ఆననంత సన్నంగా పోగు తీసేవాళ్ళు ఊళ్ళో ఇంకా కొందరున్నారు, వాళ్ళలో ఒకతె. ఆమధ్య గాజు పెంకు మణికట్టులో దిగబడి నరం తెగింది. పైన తోలుకి పూత పూసి పంపేశారు. అప్పట్నించీ బొటనవేలికీ పక్క రెండు వేళ్ళకీ స్పర్శ లేదు. స్పర్శ లేని వేళ్ళతో ఆ నూలు తియ్యడం అయ్యే పనేనా?

గౌరీశ్వరి గాజు మీదికి వంగింది. నరం తెగినచోట కణాలు సాగి ఉన్నాయి. పొడుగ్గా, సన్నగా, మూలరూపం ఆనవాలే లేకుండా. ‘సాగుడు’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

సాగుడు ఆవిడకి కొత్త కాదు. అది సంతలో తొక్కిసలాటలా ఉంటుంది, ఏది ఎటు పోతోందో తెలీదు. ఇవి అలా లేవు. అన్నీ ఒకే దిక్కుకి తిరిగి, ఒకదాని వెనక ఒకటి బారు తీరాయి. ఆ బారు వెంబడే, తెగిన కొసనుంచి, సన్నటి నరపు పోగొకటి వేళ్ళవైపు పాకుతోంది.

ఇన్నేళ్ళలో ఇలాంటిది ఆవిడ కంటబడలేదు. ఎలా పడుతుంది? గాయమైతే పూత, ఆపైన నెలనెలా బిగింపు. ఏ ఒంట్లోనూ కణాల్ని బారు తీరేదాకా ఉండనిచ్చిందెక్కడ?

మానుతోంది అనుకోవాలని ఆవిడకి ఎంతో ఆశగా ఉంది. ఆ ఆశే ఆవిడని భయపెట్టింది. జాలి చూపుని చెరుపుతుందన్నది ఉత్త మాటేం కాదు. రాచపుండు కూడా మొదట్లో ఇలా బుద్ధిగానే నడుస్తుందేమో, ఎవరు చూశారు గనక?

తెర వెనకనుంచి ఆయన ఏమైందని అడిగారు. సాగుడే గానీ బారు తీరి ఉన్నాయని చెప్పింది గౌరీశ్వరి. ‘బారు’ అన్నది మన మాటల్లో లేదని ఆయన మెత్తగానే గుర్తు చేశారు. ఆ నాలుగు మాటలే ఊరిని కాపాడుకుంటూ వస్తున్నాయన్నారు.

అప్పుడు మంచం మీదినుంచి దాలమ్మ గొంతు వినబడింది. “బొటనేలికి నూలు తగల్తంది తల్లీ. నిన్ననే తెలిసింది. బిగించీకండి.”

గౌరీశ్వరి గాజు మీంచి తలెత్తింది. “మాస్టారూ, ఒక్కసారి ఇటొచ్చి చూడండి.”

తీర్పరిని చూడమని అడిగినవాళ్ళు ఆ రూపశాలలో లేరు. ఆయన గంట కొడితే కాపలావాళ్ళొచ్చి ఆవిడని లేవదీస్తారు. గంట మోగలేదు, తెర పక్కకి జరిగింది. ఆయన వచ్చి, ఆవిడ పీట మీద కూర్చుని, గాజులోకి వంగారు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

“మా ఆవిడవి ఇలా ఉండేవి కావేమో,” అన్నారు చివరికి. “ఉన్నా నాకు తెలీదు. నన్నెవరూ చూడనివ్వలేదు.”

కడియం “తీర్పు?” అని అడిగింది. ఆయన “తెలీదు” అన్నారు. దానికి ఆ మాట అర్థం కాదు, మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ అదే అన్నారు. ఇంకోసారి అడిగి, తీర్పు రాకపోతే అది తనంత తానే బిగుస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆయన నిస్సహాయంగా గౌరీశ్వరి మొహంలోకి చూశారు. ఆవిడ లేచి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

“దాలమ్మా, నీ చేతిలోది మానుతోందో ముదురుతోందో మాకిద్దరికీ తెలీదు. వదిలేస్తే ప్రాణం మీదికి రావచ్చు. బిగిస్తే ఆ వేళ్ళు నీకిక రావు. ఏం చెయ్యమంటావు?”

దాలమ్మకి ముందు ఏడుపొచ్చింది. తననే అడుగుతున్నారని నమ్మకం కుదరడానికి కాస్త సమయం పట్టింది.

“పేనమంటే నాకూ బయ్యమేనమ్మా,” అంది. “ఒగ్గీండి. మళ్ళీ నానే వొచ్చి సూపిత్తాను. అప్పుడు ముదిరిపోనాదంటే బిగించీండి.”

తెలీదన్న నోటితో ‘వదులు’ అనడం ఆయన వల్ల కాలేదు. గౌరీశ్వరే కడియం గడియ లాగేసింది. ఈ పనితో తన ఉద్యోగం పోతుందని తెలిసే లాగింది. దాలమ్మ చెయ్యి బయటికి తీసుకుని గుండెకి హత్తుకుంది. మరుక్షణం కడియం టక్కున బిగిసింది, లోపల ఏమీ లేకుండానే. తీర్పు రానందుకు గది తలుపు మీద ఎర్రదీపం వెలిగింది, దూరంగా కాపలావాళ్ళ బూట్ల చప్పుడు మొదలైంది. అప్పలనరసయ్య గారు పీట మీంచి కదల్లేదు. తెర మళ్ళీ వెయ్యాలని ఇద్దరికీ తోచలేదు.

బయట బెంచీల మీదివాళ్ళు తెరిచిన తలుపులోంచి ఇదంతా చూశారు, విన్నారు. ముందు వరసలోని ఒకాయన, అప్పటికే చొక్కా చెయ్యి మడుచుకుని సిద్ధంగా ఉన్నవాడు, లేచి గుమ్మందాకా వచ్చాడు. లోపలికి రావాలో వద్దో తెలియక అక్కడే నిలబడ్డాడు.

“నన్ను కూడా అడుగుతారా అమ్మా?” అన్నాడు.