లంబాడీలో లెక్కల పాఠం

1989లో ఒక ఆదివారం పొద్దున. సకీనా చాయ్ తెచ్చేసరికి, భర్త గులాం రసూల్ కూతురు షాకేరా ముందు బదిలీ దరఖాస్తు పరిచి కూర్చున్నాడు. ఖమ్మంలో ముప్పై ఏళ్లుగా రేడియోలు బాగుచేస్తున్న మనిషి. ఇంటి ముందుగదే ఆయన దుకాణం.

"సంతకం పెట్టు బేటీ. అడివిల రెండేండ్లు చేసినవ్, చాలు."

షాకేరా పెన్ను ముట్టలేదు. సంచిలోంచి టేపురికార్డరు తీసి బల్లమీద పెట్టింది. భద్రాచలం అడవి అంచున ఒక తండా బడిలో ఆమె టీచరు. సర్కారు ఆ బడికిచ్చిన టేపురికార్డరు మూడు వారాలు పలికి ఆగిపోయింది. సోమవారానికి బాగుకాకపోతే బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాడు పెద్దసారు.

"సర్కారు సామాను గిట్లనే ఉంటది. అయినా మిషన్ పాఠం చెప్తదా?"

"పాఠం నేనే చెప్త అబ్బాజాన్. పిల్లలకు ఇంట్ల లంబాడీ, బళ్లె తెలుగు. కూడికలు వచ్చిన పిల్ల గూడ నా మాట తెలువక బిక్కమొహం వేస్తది. అందుకే ముందు ద్వాలి బాయి గొంతుల లంబాడీల వింటరు. తర్వాత నేను తెలుగుల చెప్త."

నోటుబుక్కు తెరిచింది. ఏ తరగతికి ఏ రోజు ఏ పాఠం, తండా పెద్దావిడ ద్వాలి గొంతు ఎప్పుడు రికార్డు చెయ్యాలి, సెల్లులు అయిపోకుండా రోజుకు ఎన్ని నిమిషాలు పెట్టాలి, ఏడాది మొత్తానికీ రాసుకుంది. చివరి పేజీలో 'మిషన్ ఆగితే?' అని ఉంది. కింద ఏమీ లేదు.

"ఇదేంది, ఖాళీగున్నది?"

"అది నేర్చుకోనికే వచ్చిన. నాకు రిపేరు నేర్పుండ్రి."

"ఆడపిల్ల దుకాణంల కూసుంటదా? నేను చేసిస్త, తీస్కపో. సంతకం మాత్రం పెట్టు."

"వచ్చే నెల మల్ల ఆగితే? చిన్నప్పుడు గీ గడపకాడ నిలబడి, ఇదెట్ల పలుకుతదని ఎన్నిసార్లు అడిగిన! లోపలికి పొమ్మన్నరు. కొడుకని సాబిర్ భాయ్‌కి నేర్పిన్రు. ఆయనకు ఇష్టంలేక లారీ నడపవోయిండు." ఆమె దరఖాస్తును పక్కకు జరిపింది. "నేను బదిలీ మీద రాను. ఆ బళ్లె నా పని గాలేదు."

సకీనా భర్త వైపు తిరిగింది. "పిల్ల అడిగింది పనే గద. గంత కష్టమేంది మీకు?"

గులాం రసూల్ ఆ ఖాళీ పేజీ వైపు చూశాడు. ఆఖరికి స్టూలు జరిపి స్క్రూడ్రైవరు కూతురి చేతిలో పెట్టాడు.

"ఇప్పు."

లోపల టేపును తిప్పే రబ్బరు బెల్టు సాగి జారిపోయి ఉంది. కొత్త బెల్టు ఎక్కించబోతే మొదటిసారి మెలిపడింది. రెండోసారి స్ప్రింగు ఎగిరి సకీనా కాళ్ల దగ్గర పడింది. సాయం చేయబోయిన తన చేతిని తండ్రి వెనక్కి తీసుకున్నాడు. మధ్యాహ్నానికి టేపు తిరిగింది. ద్వాలి బొంగురు గొంతు గదంతా నిండింది.

"ఏమంటున్నది?" అడిగాడాయన.

"అర్థం కానోళ్లు సిగ్గుపడొద్దు, ఎన్నిసార్లయినా అడగండ్రి అంటున్నది."

గులాం రసూల్ కళ్లు చెమర్చాయి. "నువ్ అడిగినప్పుడు నేను చెప్పలే బేటీ. బదిలీ మాట ఇగ ఎత్తను."

ఆయన చెయ్యి చాచి టేపు ఆపాడు.

"ఆ బెల్టు మల్ల ఊడదియ్యి. ఈపారి నేను చూడను, నువ్వే ఎక్కియ్యాలె" అంటూ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.