పద్నాలుగోసారి అదే కవచం

నిన్న బుధవారం మధ్యాహ్నం. మే నెల ఎండకు మా కొత్తవాడ వీధిలో కుక్క కూడా తిరగడం లేదు. జంపఖానాల మగ్గాలు పన్నెండింటికే ఆగిపోయాయి. ఇంట్లో కూలర్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. అమ్మీ మోకాళ్ల నొప్పులకు హనుమకొండ దవాఖానకు బయల్దేరింది. "నాలుగున్నర కల్ల వస్త బేటీ. గిన్నెల బువ్వ ఉన్నది, తిను" అని చెప్పి ఆటో ఎక్కింది. ఒక్కదాన్నే కూర్చుని తినడం నాకు చేతకాదు. అన్న ఉన్నప్పుడు ఒకే కంచంలో తినేవాళ్లం, ముక్కల కోసం కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు ముక్కలన్నీ నావే. ఏం చేసుకోను?

నా పేరు తమన్నా. ఆన్‌లైన్ ఆటల్లో వీరులు వేసుకునే కవచాలు, పట్టుకునే కత్తులు చేస్తాను. చేస్తాను అనడం గొప్పకే. నిజానికి పాతవాటికి రంగులు మారుస్తాను. ఆడేవాళ్లకు నెలనెలా కొత్త కవచం కావాలి. మొదటి నుంచి చేయాలంటే నెల పడుతుంది. పాతదానికి రంగు మార్చి భుజాల మీద రెండు కొమ్ములు తగిలించడానికి రెండు రోజులు చాలు. మా హైదరాబాద్ కంపెనీ ఏది ఎంచుకుంటుందో వేరే చెప్పాలా? కొత్త సీసాలో పాత సారా. ఆడేవాళ్లేమన్నా అమాయకులా? "మీ కంపెనీ మొత్తానికి ఒక్కటే ఇనుప అంగీ ఉన్నదా?" అని కామెంట్లలో తిడతారు.

ఉన్నది ఒక్కటే. అది మా ఫైజల్ అన్న చేసింది.

ఈ పనిలో మామూలుగా ఒంట్లో సగమే చేస్తారు. కుడివైపు చేసి, అద్దంలో పడ్డట్టు ఎడమకు తిప్పేస్తే మనిషి పూర్తవుతాడు. అన్న అలా చేయలేదు. అమ్మీ జాకెట్లు కుట్టే టేపుతో తన ఒళ్లే కొలుచుకుని, రెండు వైపులా విడివిడిగా చేశాడు. చిన్నప్పుడు గోడ మీద నుంచి పడ్డందుకు అన్న ఎడమ భుజం కొంచెం కిందికి ఉండేది. కవచానికీ అంతే. "వంకర లేని మనిషి యాడ ఉంటడే?" అని నవ్వేవాడు.

రెండేళ్ల కింద కాజీపేట దగ్గర లారీ గుద్ది అన్న పోయాడు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కాగానే అమ్మీ అన్న బట్టలన్నీ మూటగట్టి దానం చేసింది. ఒక్క చొక్కా ఉంచుకుంటానని ఏడ్చాను. "పోయినోళ్ల బట్టలు ఇంట్ల ఉంచొద్దు బిడ్డా. వాళ్ల పాణం ఈడనే కొట్టుకుంటది" అంది. చొక్కా ఇచ్చేశాను. కవచం సంగతి మాత్రం చెప్పలేదు.

ఏడాది తిరిగాక కంపెనీ అన్న ఉద్యోగం నాకే ఇచ్చింది. పదమూడు సార్లు ఆ కవచానికి రంగు మార్చాను. నల్లది, రాగిది, మంచుది, నిప్పుది. పైన ఏం పూసినా లోపల ఆ వంగిన భుజం అలాగే ఉండేది. దాని ముందు కూర్చుంటే అన్న పక్కనున్నట్టే అనిపించేది. అన్న ఆకారం ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. అందుకే పద్నాలుగోసారి కూడా సంతోషంగానే మొదలుపెట్టాను.

రెండు గంటలకు కంపెనీ నుంచి మా హరికృష్ణ సార్ ఫోన్ చేశాడు.

"తమన్నా, ఆ భుజం వంకరగున్నదని మస్తు కంప్లైంట్లు వస్తానయమ్మా. జర సీదా చెయ్. నాలుగింటికి సర్వర్ల కొత్తది ఎక్కాలె."

సగం కోసి, మిగతా సగాన్ని తిప్పడం ఒక్క బటన్ పని. కాపీ తీసుకుని చేయాలి. నిన్నగాక మొన్న చేరినవాళ్లకు కూడా తెలుసు. ఎండకో, దిగులుకో నా బుర్ర పనిచేయలేదు. కంపెనీ ఫోల్డర్‌లో ఉన్న అసలు ఫైలు మీదే చేసి, సేవ్ కొట్టి మూసేశాను. పదమూడు రంగులూ ఆ ఒక్క ఫైలు నుంచే ఆకారం తీసుకుంటాయి. మళ్లీ తెరిచి చూస్తే అన్నిటికీ రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి. ఎవరో పరాయివాడి భుజాలు.

అన్న రెండోసారి పోయాడు, ఈసారి చంపింది నేనే అనిపించింది. గట్టిగా ఏడ్చాను. వినడానికి ఎవరూ లేరు కదా.

తర్వాత గుర్తొచ్చింది. నాలుగింటి దాకా సర్వర్‌లో పాతదే ఉంటుంది. అక్కడి నుంచి ఫైలు వెనక్కి తీసుకోవడం కుదరదు గానీ, కడసారి చూసుకోవచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టెస్ట్ రూమ్‌లోకి వెళ్లాను.

టెస్ట్ రూమ్ అంటే గోడల్లేని బూడిద రంగు నేల. కవచాలు తొడిగి చూసుకోవడానికి ఉద్యోగులం మాత్రమే వెళ్తాం. లోపల ఎవరున్నారో మూలన పేర్లు పడతాయి. నా పేరొక్కటే ఉంది.

కానీ దూరంగా ఒకడు నిలబడి ఉన్నాడు.

అన్న కవచమే. ఏ రంగూ వేయనిది. ఎడమ భుజం కిందికి. శిరస్త్రాణం లోపల ముఖం ఉండాల్సిన చోట ఖాళీ...

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కూలర్ మూలిగి ఆగింది. వైఫై దీపం ఆరిపోయింది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది సరే, నెట్ లేకుండా ఆట కదలకూడదు. అక్కడికక్కడే ఆగిపోవాలి.

అతను నడిచి వస్తున్నాడు.

అడుగుల చప్పుడు లేదు. ఇంట్లో ఏదో వాసన... కర్పూరం. మా ఇంట్లో కర్పూరం ఉండదు. తెర మీది నా బొమ్మ ముందుకు వచ్చి ఆగాడు. నాకు భయం వేయాలి. వేయలేదు, నిజం చెబుతున్నా. రెండేళ్ల తర్వాత ఎవరో నా కోసం వచ్చారు.

"అన్నా..." అన్నాను. "నేనొక్కదాన్నే అయిపోయిన. నన్ను ఇడిచి పోకు."

తర్వాత హెడ్‌ఫోన్స్‌లో, ఊపిరంత మెల్లగా...

"సీదా నిలబడు, చిన్నీ."

ఇంట్లో నన్ను చిన్నీ అని పిలిచింది అన్న ఒక్కడే. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

తెర మీద అతను చెయ్యి చాచాడు. వేళ్లు విప్పి నా బొమ్మ భుజాల మీద జానలు పెట్టి కొలిచాడు. ఇటు నుంచి అటు. మా ఆటలో అలాంటి కదలిక లేదు. ఎవరూ చేయలేదు. తర్వాత చేతులు. తర్వాత నడుము. నలభై నాలుగు డిగ్రీల ఎండలో నా నడుము చుట్టూ చల్లగా... ఆఖరున మెడ నుంచి మడమ దాకా. ఆ చలి నా వెన్ను మీదుగా జానజానకూ ఆగుతూ దిగింది.

"కదలకు."

నేను కదల్లేదు.

నాలుగయ్యింది. తెర ఒకసారి తెల్లబడి, మళ్లీ బూడిద రంగు నేల వచ్చింది. ఎవరూ లేరు.

అమ్మీ వచ్చేసరికి కరెంటు కూడా వచ్చింది. గడప దగ్గరే ఆగి ముక్కు ఎగబీల్చింది. "గీ కర్పూరం వాసన ఏందే?" అంది. "పక్కింటి నుంచి" అన్నాను.

ఐదింటికి హరికృష్ణ సార్ ఫోన్ చేశాడు.

"శభాష్ తమన్నా! భుజం సీదా అయ్యింది. గా రెండో సెట్టు అయితే ఇంకా మస్తుగున్నది."

"రెండో సెట్టేంది సార్?"

"ఆడపిల్ల సైజుది. నీ ఫోల్డర్లనే ఉన్నది కదా! అంత తెల్లగ, మెడ నుంచి మడమల దాకా ఒక్క జాయింట్ లేదు. ఎట్ల చేసినవమ్మా?"

ఫోల్డర్ తెరిచాను. ఉంది. సార్ దాన్ని కవచం అనుకున్నాడు. మాలో కుట్టు లేని తెల్లబట్టకు కర్పూరం పూసి మనిషికి ఒక్కసారే చుడతారు, పోయినప్పుడు. అమ్మీ టేపు తెచ్చి నన్ను నేను కొలుచుకున్నాను. భుజాలు, చేతులు, పొడుగు... వెంట్రుకవాసి తేడా లేదు.

ఫైలు తీసేశాను. రెండుసార్లు తీసేశాను. అమ్మీకి చెప్పలేదు. భయానికి రాత్రి కూడా ఒక్క మెతుకు తినలేదు.

ఇవాళ పొద్దున సల్వార్ నడుము దగ్గర వదులైంది. ల్యాప్‌టాప్ తెరిస్తే అది మళ్లీ అక్కడే ఉంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఒక్కటే తేడా. నడుము దగ్గర ఎవరో ఒక వేలెడు లోపలికి తీశారు.