ఇరవై నాలుగున్నర

పొద్దున ఎనిమిదింటికి టైలరు భార్య కళ్లజోడు తుడిచి పెట్టుకుని, గోడ మీది క్యాలెండరులో అంకెలు పైకి చదువుతోంది. కుడికన్ను మూసి ఒకసారి, ఎడమకన్ను మూసి ఒకసారి.

"పదింటికి కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నా. ఈ పూట కొలతలు పెట్టుకోకండి," అంది.

టైలరు తలెత్తలేదు. బాబిన్‌కి దారం చుడుతున్నాడు.

ముప్పై ఏళ్లుగా ఆ ఇంటి ముందు గదిలో ఒకటే పద్ధతి. ఆమె టేపు పట్టి కొలత చెబుతుంది. ఆయన కాగితం మీద రాయడు. అంకెను తలలో పెట్టుకుని బల్ల దాకా నడిచి, సుద్దతో గుడ్డ మీద గీస్తాడు. "కాగితం పోతుంది, తలెక్కడికి పోతుంది?" అనేవాడు. రెండేళ్ల కిందట చేతికి వణుకు జబ్బు వచ్చింది. పూటకో మాత్ర వేసుకుంటే చేయి మాట వింటుంది.

పోయిన సోమవారం ఓ లాయరమ్మ నల్ల గుడ్డ తెచ్చింది. తొలి కేసుకి కోటు. చేయి పొడవు ఇరవై నాలుగున్నర అని భార్య చెప్పింది. ఆయన ఇరవై రెండున్నర గీసి కోశాడు. కత్తెర గీత తప్పలేదు, గీతే తప్పు. గురువారం కోటు తొడిగి చూసుకుంటే లాయరమ్మ మణికట్టు బయటికొచ్చింది.

"మా ఆవిడ చూపు మందగించిందమ్మా. కొలత తప్పు చెప్పింది," అన్నాడు టైలరు.

భార్య తప్పు తనదేనని నమ్మింది.

ఈ పొద్దున, తల్లి బయల్దేరకముందే, ఆసుపత్రిలో నర్సుగా చేసే కూతురు డ్యూటీ దిగి వచ్చింది. అలమరాలోంచి మాత్రల షీటు తీసి చూసింది.

"నాన్నా, ఆరు మాత్రలు తక్కువున్నాయేం?"

"కింద పడుంటాయి."

"ఆరూ పడ్డాయా? ఎలుకలకి కూడా వణుకు జబ్బొచ్చిందేమో!"

భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు. అది చూసి కూతురు గొంతు తగ్గించింది.

"కోటు కోసిన రోజు ఎన్ని వేసుకున్నావు?"

"ఒకటికి మూడు. నల్ల గుడ్డ మీద కత్తెర వణికితే అతుకు పడదు కదా."

కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ మాత్ర మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని పెంచుతుంది నాన్నా. చేతికి అది కావాలి. నుదుటి వెనకుండే మెదడూ దాన్నే వాడుకుంటుంది. విన్న అంకెను బల్ల దాకా మోసేది ఆ మెదడే. డోపమిన్ తక్కువైనా మోయలేదు, ఎక్కువైనా మోయలేదు. అందుకే లెక్కగా ఇస్తారు."

ఆయన చూపు మిషను మీద దారం బిగించే మర మీదికి పోయింది. వదులైతే కుట్టులో ఉచ్చులు పడతాయి, బిగిస్తే దారం తెగుతుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన మొదట చెప్పే మాట అదే.

గుమ్మంలో భార్య సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"అయితే నేను సరిగ్గానే చదివానా?" అంది.

ఆమె తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది.

"సరిగ్గానే చదివావు. సుద్ద పట్టుకునేసరికి అంకె జారిపోయింది. మళ్లీ అడగడానికి నామోషీ అనిపించింది. తోచింది గీశాను."

"లాయరమ్మ ముందు నోరు జారారా?"

"లేదు. తెలిసే అన్నాను."

ఆమె సంచీ దించలేదు. "నాలుగు రోజుల నుంచి క్యాలెండరు చదువుకుంటున్నానండీ. బియ్యంలో రాళ్లు కనబడుతున్నాయా లేదా అని చూసుకుంటున్నా. మీరు చూస్తూ ఊరుకున్నారు."

ఆయన ఫోను తీసి లాయరమ్మకి కలిపాడు. "అమ్మా, కొలత తప్పుగా గీసింది నేను. మా ఆవిడ సరిగ్గానే చెప్పింది. గుడ్డ నేను కొని కొత్తది కుట్టి ఇస్తాను."

"ఈ మాట ముందు ఆవిడకి చెప్పారా?" అంది లాయరమ్మ.

"ఇప్పుడే."

ఆ సాయంత్రం మాత్ర ఒకటే వేసుకున్నాడు. చేయి వణుకుతూనే ఉంది. లాయరమ్మ వచ్చి నిలబడింది. భార్య టేపు పట్టి చెప్పింది. ఆయన రెండడుగులు వేసి ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మళ్లీ చెప్పు."

ముప్పై ఏళ్లలో ఆ మాట వినడం ఆమెకి అదే మొదలు.

"ఇరవై నాలుగున్నర. ఎన్నిసార్లడిగినా చెబుతా. ఇంకోసారి నా కళ్ల మీదికి తోశారో, ఈ టేపు మీ మెడకి చుడతా!"

ఆయన కాగితం తీసి రాశాడు. అంకె వంకరటింకరగా వచ్చింది. ఆమె కళ్లజోడు తీసేసి, దూరం నుంచే చదివింది.